పరోక్ష వ్యాయామం

పేరు, గోత్రం చెప్పి టికెట్ డబ్బులు కట్టేస్తే మన తరఫున పూజ జరిగిపోయే ఏర్పాటు మనకి కొత్త కాదు. 2020లో, కరోనా రోజుల్లో, తిరుమల కల్యాణోత్సవమే ఆన్‌లైన్‌లోకి వచ్చింది. మేం బెంగళూరు మారతహళ్ళిలో, మూడో అంతస్తులో, పట్టుబట్టలు కట్టుకుని టీవీ ముందు కూర్చున్నాం. సంకల్పం చెప్పుకున్నాం. ప్రసాదం పోస్టులో వచ్చింది. పుణ్యం విషయంలో ఇంత సదుపాయం ఉన్న జాతికి పొట్ట విషయంలో మాత్రం ఎవరి చెమట వాళ్ళే కార్చుకోవాలనే మొరటు నియమం ఇన్నాళ్ళూ ఎలా చెల్లిందో నాకు అర్థం కాదు.

ఆ లోటు వీడియో గేమ్ పెట్టె తీర్చింది. ఎలా తీర్చిందో నా కేసే చెబుతాను.

ఆఫీసు వాళ్ళు ఏటా చేయించే హెల్త్ చెకప్‌లో నా బీఎంఐ 29 అని తేలింది. కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె అది. బయటి దేశాల్లో 25 దాటితే లావు అంటారు. మన డాక్టర్లు 23 దగ్గరే గీత గీసేశారు. మనకి కొవ్వంతా పొట్ట దగ్గరే చేరుతుందట, షుగరు తొందరగా పలకరిస్తుందట. ఏ విషయంలోనూ మనవాళ్ళు ఇంత ముందుచూపు చూపించగా నేను చూడలేదు. డాక్టరమ్మ కాగితం మీంచి తలెత్తకుండా "రోజుకి 45 నిమిషాలు నడవండి" అంది. ఈవిడ ఏ ఊళ్ళో ఉంటుందా అనుకున్నాను.

మా వీధిలో ఫుట్‌పాత్ ఉంది. ముందు రెండు రాతిపలకలు, తర్వాత మూడో పలక ఉండాల్సిన గుంట, ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్, దాని నీడలో పానీపూరీ బండి, ఇవన్నీ దాటాం అనుకునేసరికి ఎదురుగా ఫుట్‌పాత్ మీదే హారన్ కొడుతూ వచ్చే స్కూటరు. లాల్‌బాగ్ లేదా అంటారు. ఎందుకు లేదు? 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట, 240 ఎకరాలు. సాయంత్రం పూట అక్కడ ముప్పావు గంట నడవాలంటే రానూ పోనూ మూడు గంటలు కార్లో కూర్చోవాలి. కూర్చుని కూర్చుని తెచ్చుకున్న జబ్బుకి ఇంకో మూడు గంటలు కూర్చోమనడం ఏం వైద్యం?

జిమ్ సంగతి ఎత్తకండి. రెండుసార్లు ఏడాది ఫీజు కట్టాను, అక్కడ పార్కింగ్ బాగుంటుంది.

అందుకని ఒక శనివారం మెజెస్టిక్ దగ్గర నేషనల్ మార్కెట్‌కి వెళ్ళాను. నింటెండో స్విచ్ అనే గేమ్ పెట్టె, దాంతో పాటు రింగ్ ఫిట్ అనే గేమూ, దాని రింగూ, తొడకి కట్టుకునే పట్టీ, అన్నీ కలిపి 36,000. నేను కొన్ననాటికి కంపెనీ మన దేశంలో నేరుగా అమ్మేది కాదు. "వారంటీ?" అని అడిగితే కొట్టు అబ్బాయి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

ఆ నింటెండో కంపెనీ చరిత్ర కూడా చెప్పాలి. 1889లో జపాన్‌లోని క్యోటోలో పేకముక్కలు చేసి అమ్మడంతో మొదలైంది. మా తాతయ్య పేకాటలో పొద్దుపుచ్చి వస్తే నాయనమ్మ గడప దాటనిచ్చేది కాదు. మూడు తరాలు తిరిగేసరికి ఆ పేకముక్కల వాళ్ళే నా నడుము సంగతి మేం చూసుకుంటాం అంటున్నారు. కాలం మారడమంటే ఇదే కాబోలు.

వాళ్ళ మొదటి పెద్ద ప్రయత్నం 2006లో వచ్చిన వీ అనే పెట్టె. చేతిలో రిమోట్ పట్టుకుని ఊపితే తెర మీద టెన్నిస్ బంతి ఎగురుతుంది. జనం ఎంత ఉత్సాహంగా ఊపారంటే రిమోట్‌ని చేతికి కట్టే తాడు తెగిపోయేది, రిమోట్ వెళ్ళి టీవీకి తగిలేది. ఆ డిసెంబరులోనే కంపెనీ 32 లక్షల తాళ్ళు మార్చి, లావుపాటివి ఇచ్చింది. అంటే మొదటి నెలలో బలపడింది తాళ్ళే.

మా బావ న్యూజెర్సీ నుంచి ఒకటి తెచ్చాడు. వచ్చిన రోజు నిక్కరు, బూట్లు వేసుకుని హాలంతా పరిగెత్తుతూ ఆడాడు. మూడో రోజుకి రహస్యం కనిపెట్టాడు: పరిగెత్తక్కర్లేదు, చెయ్యి ఎత్తక్కర్లేదు, మణికట్టు చిన్నగా ఆడిస్తే తెర మీద బొమ్మే పరిగెత్తి కొడుతుంది. వారం తిరిగేసరికి సోఫాలో పడుకుని, రెండో చేత్తో జంతికలు తింటూ, మమ్మల్నందర్నీ ఓడించాడు. పరోక్ష వ్యాయామానికి ఆద్యుడెవరని ఎప్పుడైనా వివాదం వస్తే నేను సాక్ష్యం చెబుతాను.

దీని మీద సైన్సు కూడా జరిగింది. 2007 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లివర్‌పూల్ పరిశోధకులు 13 నుంచి 15 ఏళ్ళ పిల్లలు 11 మందిని ఆడించి కొలిచారు. కదలకుండా కూర్చుని ఆడే గేమ్ కంటే ఈ గేముల్లో శక్తి బాగానే ఖర్చవుతుంది, కానీ అసలు ఆట ఆడినంత కాదు, అని తేల్చారు. మా ఆఫీసులో ఒకాయన ఇది నాకు దెప్పుతున్నట్టు చదివి వినిపించాడు. మధ్యతరగతి మనిషికి ఆ మాట ఎలా వినిపిస్తుందో ఆయనకి తెలియదు. అదే టెన్నిస్, తక్కువ ఖర్చులో!

తర్వాత వాళ్ళు ఒక బల్ల తెచ్చారు. బరువు ఎక్కువ కావడం వల్ల సుమో మల్లయోధుల్ని రెండు కాటాల మీద చెరో కాలూ పెట్టించి తూస్తారట, అది చూసి మియామోటో అనే డిజైనర్‌కి ఆ ఆలోచన వచ్చింది. ఆ మహానుభావుడు తన బరువు రోజూ చూసుకుని గోడ మీద గీత గీసుకునే రకం. నాలుగు సెన్సార్ల బల్ల, దాని మీద నిలబడితే బీఎంఐ చెప్పి, దానికి తగ్గట్టు తెర మీద మన బొమ్మకి పొట్ట ఉబ్బిస్తుంది. ఇది పెద్ద పొరపాటు. ఆ పని చేయడానికి మన ఇళ్ళల్లో పెళ్ళిళ్ళున్నాయి. "ఏరా, ఒళ్ళు చేశావే!" అనే పెద్దమ్మలు భోజనాల బంతిలోనే నలుగురుంటారు, సెన్సార్లు అక్కర్లేదు.

2010లో ఇంకో కంపెనీ కైనెక్ట్ అని కెమెరా తెచ్చింది. రిమోటూ లేదు, బల్లా లేదు, మనిషే రిమోట్. రెండు నెలల్లో 80 లక్షలు అమ్ముడుపోయాయి. దానికి కావలసిందల్లా టీవీకీ మనిషికీ మధ్య ఆరడుగుల ఖాళీ. బెంగళూరు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో సోఫా, బట్టలు ఆరేసే స్టాండు, 25 కిలోల సోనామసూరి బస్తా పోగా ఆరడుగులు మిగిలిన ఇల్లు నేను చూడలేదు. మిగిలితే అక్కడ ఒక బావమరిది పడుకుని ఉంటాడు.

ఇక నా రింగు. 2019 అక్టోబరులో విడుదలైంది. రెండు చేతులతో నొక్కే రింగు, ఎడమ తొడకి పట్టీ. ఉన్నచోటే జాగింగ్ చేస్తే బొమ్మ అడవుల్లో పరిగెత్తుతుంది, రాక్షసులు అడ్డొస్తే ఆసనం వెయ్యాలి. వృక్షాసనం వేస్తే ఒక దెబ్బ, వీరభద్రాసనం వేస్తే ఇంకో దెబ్బ. 1933లో కృష్ణమాచార్యులు మైసూరు జగన్మోహన్ ప్యాలెస్‌లో యోగశాల నడిపారు, మా ఇంటికి అంత దూరమేం కాదు. నేను వీరభద్రాసనాన్ని క్యోటో మీదుగా తెప్పించుకున్నాను. ఇంకో సంగతి గమనించండి, ఈ కథలో విలన్ కండలు తిరిగిన డ్రాగన్, కసరత్తు తప్ప వేరే ధ్యాస లేనివాడు. అతి వ్యాయామం ఎక్కడికి దారితీస్తుందో చేసినవాళ్ళకి తెలుసు.

మొదటి రోజు రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టాను. తొమ్మిదీ పదికి కాలింగ్ బెల్ మోగింది. కింది ఫ్లాట్ కన్నడం మాస్టారు, చేతిలో పప్పు గిన్నె. గిన్నెలో సున్నం పెచ్చు. ఈ ఊళ్ళో దేనికైనా "స్వల్ప అడ్జస్ట్ మాడి", కాస్త సర్దుకోండి, అంటే సరిపోతుందని పదిహేనేళ్ళ అనుభవంతో అన్నాను. ఆయన గిన్నె నాకే ఇచ్చి వెళ్ళిపోయాడు.

దానికీ గేమ్‌లో మార్గం ఉంది. చప్పుడు రాని పద్ధతి పెట్టుకుంటే జాగింగ్ బదులు మోకాళ్ళు వంచి లేవాలి. అంటే గుంజీళ్ళు. ఎక్కం అప్పజెప్పనందుకు నాలుగో క్లాసులో తీసినవే. పన్నెండు నిమిషాలయ్యాక రిమోట్ మీద బొటనవేలు పెట్టమని నాడి చూసి, ఇవాళ్టికి ఆపేద్దామా అని తనే అడిగింది. ఇంత మర్యాద తెలిసిన గురువు నాకు జీవితంలో తగల్లేదు. ఆపేద్దామన్నాను. మర్నాడు తొడలు పట్టేసి మెట్లు దిగలేక ఇంటి నుంచి పని చేశాను.

తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ ఆ రింగుని రెండు రోజులు పరీక్షగా చూసి "చుట్టకుదురుకి అంత డబ్బు పోశావా?" అంది. బిందె పెట్టి చూసింది కూడా, ఆగలేదు.

నాకు జ్ఞానోదయం అయింది మూడో వారంలో. ఈ రింగుకి ఒక సౌకర్యం ఉంది: పెట్టె ఆపేసి ఉన్నా, ఏ పని చేసుకుంటూనైనా రింగు నొక్కుతుంటే 500 దాకా లెక్క గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత గేమ్ పెట్టినప్పుడు ఆ ఫలమంతా బొమ్మ ఖాతాలో జమ. ఎవరు నొక్కారని అడగదు. గోత్రం కూడా అడగదు.

మావాడికి పదకొండేళ్ళు. వందకి పది రూపాయల దక్షిణ మాట్లాడుకున్నాం. రోజూ సాయంత్రం 500 పూర్తి చేసి రింగు నా చేతికిచ్చేవాడు, నేను కాఫీ తాగుతూ జమ చేసేవాణ్ణి. రెండు నెలల్లో నా బొమ్మ లెవెల్ తొంభై దాటింది. దాని జుట్టు నిప్పులా మండుతుంది. నా జుట్టు గురించి ఇక్కడ అనవసరం. మా ఆవిడ "ఏమండీ, ప్యాంటు మళ్ళీ వదులు చేయించాలా?" అని అడిగినప్పుడు టీవీ పెట్టి బొమ్మని చూపించాను. ఆవిడ బొమ్మకేసి, నాకేసి రెండుసార్లు చూసి ప్యాంటు పట్టుకుని టైలర్ దగ్గరికి వెళ్ళింది.

పోయిన గురువారం రింగు 340తో వచ్చింది. అడిగాను.

వాడు నా ఆఫీసు కాల్స్ వింటూ పెరిగిన పిల్లాడు. తడుముకోలేదు. నొక్కే పని ఎప్పుడో సి బ్లాక్ అబ్బాయికి ఇచ్చేశాడట, వందకి నాలుగు రూపాయలకి. మిగతా ఆరూ వీడివి, పైకీ కిందకీ రింగు మోసినందుకు.

"మరి ఇవాళ ఎందుకు తగ్గిందిరా?"

"ఆ అబ్బాయి లీవ్‌లో ఉన్నాడు నాన్నా, తమ్ముణ్ణి పెట్టాడు. వాడు ఫ్రెషర్, నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అవుతోంది. మిగిలిన 160 సోమవారానికి కవర్ చేస్తాం."

సరేనన్నాను. సోమవారం పొద్దున్నే అడిగితే ఫాలో అప్ పెట్టానన్నాడు.