భూతం, భగీరథుడు, మధ్యలో ఓ టెస్ట్ ట్యూబు

నల్లగొండలో పేపర్లు చదువుతూ పెరిగినవాళ్లకు తాగే నీళ్లలో ఎక్కువైతే ఎముకల్నీ కీళ్లనీ పాడుచేసే ఫ్లోరైడ్ అన్న మాట ఒంటరిగా కనిపించడం అరుదు. వెనకాలే భూతమో, రక్కసో, మహమ్మారో ఉంటుంది. నేనూ ఆ తాను ముక్కనే. మండల విలేకరిగా ఉన్న రోజుల్లో మర్రిగూడ వైపు ఊళ్ల మీద 'కాటేసింది' అన్న మాట లేకుండా ఒక్క వార్తా పంపలేదు.

ఆ రూపకం దండగ అనను. లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అంటే కదలని ఆఫీసర్లు భూతం అంటే కదిలారు. కానీ భూతం అంటే బయటి నుంచి వచ్చి పట్టేది, మంత్రం వేస్తే వదిలేది. ఫ్లోరైడ్ ఎక్కడి నుంచో రాలేదు. మన కాళ్ల కిందున్న గ్రానైటు రాయిలోనే ఉంది. రాతి పగుళ్లలో నీళ్లు ఏళ్ల తరబడి నిలిచి దాన్ని కరిగించుకుంటాయి. నీళ్లలో కాల్షియం తగ్గి క్షారగుణం పెరిగితే ఇంకా ఎక్కువ కరుగుతుంది. శాస్త్రం చెప్పింది ఇంతే. ఇక ఆ బోరు ఎవరు వేయించారు, పరీక్ష చేయించకుండా ఊరందరితో ఎవరు తాగించారు అన్నది మనం అడగాల్సింది. భూతం అన్నాక ఎవర్ని అడుగుతాం?

రూపకం కన్నా నెమ్మదిగా మోసం చేసేది క్రియాపదం. ఓసారి ఓ ఊళ్లో బోరు దగ్గర కిట్‌తో పరీక్ష చేస్తుంటే చూశాను. చిన్న ట్యూబులో నీళ్లు పోసి మందు కలిపారు. ఫ్లోరైడ్ లేకపోతే గులాబీ రంగు, పెరిగేకొద్దీ పసుపు. ట్యూబును రంగుల కార్డు పక్కన పెట్టి, ఎండకు కళ్లు చికిలించి, "మూడుకు ఐదుకు మధ్యల ఉన్నట్టుంది సార్, ల్యాబుల చూస్తేనే తెలుస్తది" అన్నాడు ఆ కుర్రాడు. మర్నాడు నా వార్త: "ఆ నీళ్లు విషమని శాస్త్రీయంగా తేలింది." అతను 'ఉన్నట్టుంది' అన్నాడు, నేను 'తేలింది' అని రాశాను.

వారానికి ల్యాబ్ రిపోర్టు వచ్చింది. లీటరుకు 4.5 మిల్లీగ్రాములు. భారత ప్రమాణం ప్రకారం ఉండదగింది 1, వేరే దిక్కు లేనిచోట 1.5 దాకా సర్దుకోవచ్చు. అంటే 4.5ను మూడు రెట్లనీ రాయొచ్చు, నాలుగున్నర రెట్లనీ రాయొచ్చు. రెండూ అబద్ధం కాదు. నేను ఏది రాశానో చెప్పక్కర్లేదనుకుంటా.

అలాగని శాస్త్రవేత్తల రాత మచ్చలేని అద్దమేమీ కాదు. ఈ జిల్లాలోని ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు మీద డాక్టర్ సిద్ధిఖీ పరిశోధన పత్రం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 1955లోనే వచ్చింది. ఇలాంటి పత్రాల భాషలో మనిషి 'కేసు' అవుతాడు, అతని నొప్పి 'లక్షణం' అవుతుంది, చూసిన డాక్టరు వాక్యంలోంచే మాయమై 'గమనించడమైనది' మిగులుతుంది. అదీ అలంకారమే, కాకపోతే తెల్లచొక్కా వేసుకున్న అలంకారం.

నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ రూపొందించిన 'నల్లగొండ టెక్నిక్' సంగతి ఇంకా తమాషా. మన పేరుతో అది టాంజానియా దాకా వెళ్లింది. చేసేదేమిటంటే పటిక, సున్నం కలిపి, మడ్డి దిగాక నీళ్లు వడగట్టడం. వార్తాపత్రికలు దాన్ని మంత్రదండంలా రాశాయి. ఫ్లోరైడ్ ఎంతుంది, నీటి క్షారత ఎంత అన్నదాన్ని బట్టి పటిక మోతాదు మారాలన్న సంగతి హెడ్డింగుల్లో పట్టలేదు. ఇంట్లో చేస్తే రోజూ బకెట్టు దగ్గర నిలబడి కలపాల్సింది ఎవరన్నదీ పట్టలేదు.

తర్వాత కృష్ణా నీళ్లొచ్చాయి. పథకానికి భగీరథుడి పేరు పెట్టారు. అటు భూతం, ఇటు భగీరథుడు, కథ అతికినట్టు సరిపోయింది. నల్లాలో మంచినీళ్లు రావడం చిన్న సంగతేం కాదు, నేనేం కాదనను. కానీ పురాణంలో గంగ దిగింది అప్పటికే బూడిదైపోయిన సగరపుత్రుల కోసం. ఇక్కడ వంగిన నడుములవాళ్లు బతికే ఉన్నారు. గట్టిపడి అతుక్కున్న కీళ్లు నీళ్లు మారిస్తే మళ్లీ సాగవు. 'ఫ్లోరైడ్‌ను తరిమికొట్టాం' అన్న మాటలో వాళ్లకు చోటేదీ?

మొన్న ఇదే విషయం మీద ఒక పేపర్‌కు వ్యాసం పంపాను. 'ఉండొచ్చు', 'కనిపిస్తోంది' అని జాగ్రత్తగా రాశాను, ఒక్క భూతం లేదు. అచ్చయ్యాక చూస్తే, డెస్కువాళ్లు ఎర్రక్షరాల్లో హెడ్డింగు పెట్టారు: "ఇంకా వదలని ఫ్లోరైడ్ భూతం".