రోగులు తగ్గిపోతున్నారు, విలేకరులు ఏం కావాలి?

1986లో ఆసియా, ఆఫ్రికా ఖండాల్లోని 21 దేశాలలో ఏటా సుమారు 35 లక్షల మందిని మంచాన పడేసిన నారికురుపు వ్యాధి (తాగే నీళ్లతో ఒంట్లోకి చేరే పురుగు వల్ల వచ్చేది), 2024లో చాద్, దక్షిణ సూడాన్ దేశాలలో కలిపి 15 మందికి మాత్రమే పరిమితమైంది. దీనిని మానవజాతి విజయంగా కొనియాడుతున్న పెద్దలెవరూ దాని దుష్ఫలితాన్ని గమనించినట్లు లేదు. వ్యాధి నిర్మూలన గురించి రాయడానికి దాతృత్వ సంస్థల ఫెలోషిప్‌లతో ఖండాలు దాటి వెళ్లే విలేకరులకు రోగులు కరువయ్యారు. ఉన్న 15 మందిలో కొందరు మాట్లాడడానికి ఇష్టపడకపోవచ్చు, కొందరికి విమానం దిగేసరికే నయమైపోవచ్చు, మిగిలినవారి ఊరికి వానాకాలంలో దారే ఉండకపోవచ్చు. ఇక ఫెలోషిప్ ఎవరి మీద నడవాలి?

ఈ విషయంలో మన దేశానిది మరీ తొందరపాటు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాలలో, జనం దిగుడుబావుల్లో దిగి నీళ్లు ముంచుకునే పల్లెల్లో కాపురమున్న ఈ పురుగును వడకట్టే గుడ్డలతో, చేతిపంపులతో, నీటిలో చల్లే మందుతో తరిమేసి, 1996లో రాజస్థాన్‌లో చివరి రోగిని చూసి, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి ధ్రువపత్రం కూడా పుచ్చుకున్నాం. విదేశీ కెమెరాలు బృందాలుగా దిగే మహదవకాశం అలా చేజేతులా పోయింది.

పురుగు ప్రవర్తన కూడా పాత్రికేయ వృత్తికి అనుకూలంగా లేదు. కలుషితమైన నీళ్లు తాగిన ఏడాదికి గాని అది కాలి మీద పొక్కై బయటపడదు. కనిపించిన కొసను చిన్న పుల్లకు చుట్టి రోజుకు కొద్ది సెంటీమీటర్ల చొప్పున లాగాలి. తొందరపడితే లోపలే తెగి, చీము పట్టి, కాలు వాచిపోతుంది. మీటరు దాకా ఉండే ఆ పురుగు పూర్తిగా బయటికి రావడానికి వారాలు పట్టవచ్చు. ఫెలోషిప్ బృందం ఉండేది మహా అయితే పది రోజులు, అందులోనూ కొన్ని రాజధానిలో అధికారుల పవర్‌పాయింట్లకే సరి. కాబట్టి కథనంలో పురుగు సగమే బయటికి వస్తుంది, చివరి పేరాలో ఆశ మాత్రం పూర్తిగా వస్తుంది. పైగా చాద్‌లో ఇప్పుడు మనుషులకన్నా కుక్కలకే ఈ వ్యాధి ఎక్కువ. జబ్బు పడిన కుక్కను కట్టేసి ఉంచిన యజమానికి అక్కడ నగదు బహుమతి ఇస్తారు గాని, కుక్క చేత ఇంటర్వ్యూ ఇప్పించలేరు కదా. దరఖాస్తులో ‘మానవీయ కోణం’ అనే గడి ఖాళీగా ఉండిపోతుంది.

నిధుల మూలాన్ని శంకించేవారు కొందరున్నారు. గార్డియన్ పత్రిక 2010లో ప్రపంచాభివృద్ధి వార్తల విభాగాన్ని గేట్స్ ఫౌండేషన్ సాయంతో ప్రారంభించింది. అమెరికాలోని ఎన్పీఆర్ రేడియోకూ ఆ సంస్థ విరాళాలు అందాయి. అదే ఫౌండేషన్ పోలియో నిర్మూలన కార్యక్రమంలో భాగస్వామి, నారికురుపు మీద అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ స్థాపించిన కార్టర్ సెంటర్ సాగిస్తున్న పోరాటానికి దాత. పనికి డబ్బిచ్చేవారూ, పని ఎలా జరిగిందో రాసేవారికి డబ్బిచ్చేవారూ ఒకరే కదా అని వీరి అభ్యంతరం. ఇది అన్యాయం. రాతలో దాత జోక్యం చేసుకోరాదని ఇలాంటి ఒప్పందాల్లో రాసే ఉంటుంది; ఫలానా విధంగా రాయమని ఎవరూ ఫోన్ చేయరు కూడా. చేయవలసిన అవసరం రాదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టరాదని చిన్నప్పుడే నేర్చుకున్న మనిషికి, వాసాలు లెక్కపెట్టడమే నీ వృత్తి అని తర్వాత ఎవరెంత చెప్పినా, వచ్చే ఏడాది దరఖాస్తు నింపేటప్పుడు గుర్తుకొచ్చేది మొదటి పాఠమే.

అందుచేత, 2016 ఏప్రిల్‌లో నూట యాభైకి పైగా దేశాలు పోలియో నోటి చుక్కల టీకాలో వాడే బలహీన వైరస్‌లలో రెండో రకాన్ని ఒకేసారి తొలగించిన ఉదంతాన్ని కథాంశంగా ప్రతిపాదించమని నేనెవరికీ సలహా ఇవ్వను. ఆ తర్వాత టీకా నుంచే పుట్టిన ఆ రకం వైరస్ వల్ల మూడు వేలకు పైగా పిల్లలకు కాళ్లో చేతులో చచ్చుబడ్డాయి. నిర్మూలన కార్యక్రమమే నియమించిన సమీక్షకులు ఆ నిర్ణయం విఫలమైందని 2024లో తేల్చారు. ఇంత గొడవ ఎందుకు? చలిపెట్టె భుజాన వేసుకుని గడప గడపకూ తిరిగే అమ్మాయి, సిరా గుర్తు పడిన పసివాడి చిటికెన వేలు ఉండనే ఉన్నాయి. పాకిస్తాన్‌లో ఆ అమ్మాయి వెనకాల తుపాకీతో పోలీసు ఎందుకు నడుస్తున్నాడని తవ్వుతూ పోయి, బిన్ లాడెన్ ఆచూకీ కోసం సీఐఏ అబొట్టాబాద్‌లో ఉత్తుత్తి టీకాల శిబిరం పెట్టించిన సంగతి దాకా వెళితే పదాల పరిమితి దాటిపోతుంది.

ఇక ఫిక్సర్, అంటే విదేశీ విలేకరికి అక్కడ దారి చూపే స్థానికుడు. భాష తెలిసినవాడు, ఏ గుంటలో నీళ్లు ఎవరు తాగుతారో తెలిసినవాడు, రోగి తల్లిని ఒప్పించి కూర్చోబెట్టేవాడు ఆయనే. తరచుగా ఆయనా స్థానిక రేడియో విలేకరే అయి ఉంటాడు. రోజుకూలీ పుచ్చుకుంటాడు, కథనం కింద పేరు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. విమానం ఛార్జీలు, హోటలు, బీమా కలిపితే అయ్యే సొమ్ముతో ఆయననే ఏడాది పాటు రాయమంటే, పురుగు పూర్తిగా బయటికి వచ్చేదాకా ఆగి చూస్తాడు కదా, వడకట్టే గుడ్డలు అందని నెలలో కూడా అక్కడే ఉంటాడు కదా అని అమాయకులు కొందరు అడుగుతున్నారు. వారు నిబంధనలు చదవలేదు. ఈ నిధి విదేశాల నుంచి వార్తలు రాసేవారి కోసం. ఆయనకు చాద్ విదేశం కాదు. అర్హత సంపాదించాలంటే ఆయన కార్టర్ సెంటర్ ఉన్న అట్లాంటాకు వెళ్లి, అక్కడివారి జబ్బుల గురించి రాయాలి. 2025 జూన్‌లో అమెరికా తన గడప తొక్కనివ్వనని ప్రకటించిన 12 దేశాల జాబితాలో చాద్ కూడా ఉన్నమాట నిజమే గాని, దానికి ఫెలోషిప్ సంఘం బాధ్యత వహించదు.