మహారాజశ్రీ పిప్పిపన్ను గారికి

మహారాజశ్రీ పిప్పిపన్ను గారికి (పాత చిరునామా: కింది దవడ, ఎడమ పక్క, చివరి నుంచి రెండోది) తమ యజమాని వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడానికి వీల్లేదు. నేను కుశలంగా ఉన్న రోజుల్లో తమరు గుర్తుకే రాలేదు, గుర్తుకు వచ్చిన రోజుల్లో నాకు కుశలం లేదు.

2020 మార్చి 24 తమకూ జ్ఞాపకం ఉండాలి. ఆ రోజు పగలు కేంద్ర ఆర్థికమంత్రి ఆదాయపు పన్ను రిటర్నుల గడువును జూన్ 30 దాకా పొడిగించారు. రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి కరోనా కట్టడికి 21 రోజులు ఇల్లు కదలవద్దన్నారు. మరో మూడు రోజులకు రిజర్వు బ్యాంకు అప్పుల వాయిదాలకు మూడు నెలల వెసులుబాటు ఇచ్చింది. ఆ పన్ను ఆగింది, అప్పు ఆగింది. ఈ పన్నే ఆగలేదు.

అంతకు ముందు రెండేళ్లపాటు మా సందులోనే ఇద్దరు పళ్ల డాక్టర్లు పత్రికలు తిరగేస్తూ కూర్చునేవారు. చల్లటి నీళ్లు తగిలితే తమరు జివ్వుమనేవారు. నేను నమిలే పని కుడి దవడకు అప్పగించి కాలక్షేపం చేశాను. తప్పు నాదేనని తమ వకీలు వాదించవచ్చు. వాదించనివ్వండి, ముహూర్తం మాత్రం తమరే పెట్టారు.

ఏప్రిల్ 5, ఆదివారం. రాత్రి తొమ్మిదింటికి తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పి దీపాలు పట్టమన్నారు. తమరు ఆ చీకట్లోనే లేచారు. కాలనీ అంతా బాల్కనీల్లో సెల్‌ఫోను లైట్లు పట్టుకుని నిలబడితే, మా ఆవిడ తన ఫోను లైటు నా నోట్లోకి పట్టింది. “నల్లగా ఏదో ఉంది” అంది. ఎంత ఉందని సైగ చేశాను. “కందిగింజంత” అంది. తొమ్మిది నిమిషాలు పూర్తయి ఇంట్లో లైట్లు వెలిగాక మళ్లీ చూసి, “కాదు, శనగగింజంత” అని సవరించింది.

మర్నాడు డాక్టరమ్మ గారు ఫోనులో దొరికారు. దవడ వాచిందా, జ్వరం ఉందా, మింగగలుగుతున్నారా, నోట్లో మూడు వేళ్లు నిలువుగా పడుతున్నాయా అని అడిగారు. వేళ్లు పెట్టుకునే జవాబు చెప్పాను. ఏం వినపడిందో ఏమో, పడుతున్నాయనే రాసుకున్నారు. వాపు మెడలోకి దిగినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్లమన్నారు. అంతవరకు మాత్రలు, ఉప్పునీళ్ల పుక్కిలింత. పన్ను తొలిచే యంత్రం నిమిషానికి మూడు లక్షల చుట్లకు అటూ ఇటూగా తిరుగుతూ నీళ్లు చిమ్ముతుంది, ఆ తుంపరతో పాటు రోగి ఉమ్మి కూడా గాలిలోకి లేస్తుంది. పాలు పోసే మనిషితోనే ఆరడుగుల దూరం పాటిస్తున్న రోజుల్లో, నా నోటికి జానెడు దూరంలో ముఖం పెట్టమని ఆవిడను ఏ ముఖం పెట్టుకుని అడగను?

ఇక లవంగ నూనె. అందులోని యూజినాల్ నరాన్ని మొద్దుబారుస్తుంది, అందులో అబద్ధం లేదు. దూదికి ఒక్క చుక్క అద్దమంటే నేను సీసానే వంచాను. చిగురు కాలింది. అయిదో రోజుకు తమరు ఠక్కున సద్దుమణిగారు. లవంగం గెలిచిందని బంధువుల వాట్సాప్ గ్రూపులో చాటింపు వేశాను. లోపల నరం చచ్చిందనీ, ఇక కుళ్లడమే తరువాయనీ తమరు ఒక్క మాట చెప్పలేదు.

రెండు వారాలకు దవడ బూరెలా పొంగింది. మాస్కు పుణ్యమా అని లోకానికి కనపడలేదు. డాక్టరమ్మ గారు ఈసారి యాంటీబయాటిక్ చీటీని వాట్సాప్‌లో పంపారు. అప్పటికే జ్వరం, జలుబు, దగ్గు మందులు కొన్నవారి వివరాలు రాసుకోవాలని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మందుల షాపులకు ఆదేశాలు వచ్చాయి. సున్నంతో గీసిన వలయంలో నిలబడి, చీటీతో పాటు పారాసిటమాల్ అడిగాను. కుర్రవాడు రిజిస్టరు తెరిచాడు.

“జ్వరమా, దగ్గా?”

“పన్ను.”

“ఆ గడి లేదండీ” అని జ్వరం కింద రాసుకున్నాడు. మర్నాడు ఆశా కార్యకర్త గేటు బయట ప్రత్యక్షమైంది. కావాలంటే చూడమ్మా అని మాస్కు దించి నోరు తెరిచేసరికి, నాలుగడుగులు వెనక్కి వేసింది.

మే నెలలో కేంద్ర ఆరోగ్యశాఖ పళ్ల ఆసుపత్రులకు మార్గదర్శకాలు ఇచ్చింది. కంటైన్‌మెంట్ జోన్లలో ఉన్నవి తెరవకూడదు. ఆ వారమే మా సందు చివర కర్రలు కట్టారు.

జూన్‌లో కుర్చీ ఎక్కాను. తల నుంచి కాలిదాకా తెల్లటి సంచిలో ఉన్న డాక్టరమ్మ గారు రూట్‌కెనాల్‌కు వేళ మించిందన్నారు. యంత్రం జోలికి పోకుండా పట్టకారుతోనే కానిచ్చారు. తమరు పసుపు బకెట్టులో టక్కుమని పడ్డారు. బిల్లులో పీపీఈ కిట్టు విడిగా వేశారు, పన్ను మీద పన్ను. అదే నెలలో ఆ రిటర్నుల గడువును మళ్లీ పొడిగించారు.

ఈ లేఖ ఇప్పుడెందుకంటే, చివరనున్న తమ పొరుగువారు నిన్న కుల్ఫీ తింటుండగా జివ్వుమన్నారు. మా సందులో పళ్ల డాక్టర్లు ఇప్పుడు ముగ్గురయ్యారు. దసరా వెళ్లాక చూపిద్దామనుకుంటున్నాను.

ఇట్లు,
31 పళ్ల యజమాని