తొంగి చూడ్డానికి తాళమెందుకు?

బరంపురంలో మా వెనక వీధిలో ఇంకా పట్టు మగ్గాలు ఆడుతున్నాయి. నేసేవాళ్లలో దేవాంగులే ఎక్కువ. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. చీర ఎంతదాకా వచ్చిందో చూడ్డానికి షావుకారు వస్తే ఎవరూ నాడె ఆపరు. తెగిన పోగు అతకాలంటే మాత్రం మగ్గం ఆగాల్సిందే. తెర మీద బొమ్మలు గీసే చిప్‌ని నడిపే గ్రాఫిక్స్ డ్రైవర్లు రాసినవాళ్లు చూడ్డానికీ మార్చడానికీ ఉన్న ఈ తేడాని చాలాకాలం పట్టించుకోలేదు.

మొన్న తెర బిగుసుకుపోయిన ఓ పాత ల్యాప్‌టాప్‌లోకి పక్క మెషీన్ నుంచి లాగిన్ అయ్యాను. డ్రైవర్ లోపల ఏం జరుగుతోందో ఫైళ్లుగా చూపే డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో ఒక ఫైలు తెరిస్తే కర్సర్ మెరుస్తూ కూర్చుంది. "ఇదీ పోయిందేటి బావా?" అన్నాడు మా బామ్మర్ది. పోలేదు, క్యూలో నిలబడింది. తాళం (ఒకసారికి ఒక్కరే ముట్టుకునేలా చూసే లాక్) పట్టుకున్న ప్రాసెస్ జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) కోసం చూస్తోంది, జీపీయూ పలకడం లేదు, నా ఫైలు ఆ తాళం కోసం చూస్తోంది. రోగి స్పృహ తప్పాడని డాక్టరు కూడా పడిపోయినట్టుంది!

లినక్స్‌లో డీబగ్‌ఎఫ్‌ఎస్ 2004లో గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ చేతి మీదుగా వచ్చింది. అందులో ఏం చూపాలి, ఎలా చూపాలి అన్నదానికి కట్టుబాట్లు లేవు. ఆ స్వేచ్ఛే బద్ధకానికీ దారి ఇచ్చిందని నా అనుమానం. ఇంటెల్ చిప్‌ల ఐ915 డ్రైవర్‌నే చూడండి. స్ట్రక్ట్ మ్యూటెక్స్ అనే ఒకే పెద్ద తాళం చాలా పనులకి కాపలా కాసేది. డీబగ్ ఫైళ్లు కూడా అలవాటుగా దాన్నే అడిగేవి. తర్వాత ఒక్కొక్కటిగా ఆ అలవాటు మాన్పించారు. రిజిస్టర్ (చిప్ లోపలి చిన్న గడి) చదవడానికి చిప్ మేలుకుని ఉంటే చాలు. డ్రైవర్ మెమరీలో పెట్టుకున్న వస్తువుల జాబితాకి చిన్న తాళమో, చదివేవాళ్లని ఆపకుండా వాళ్లు చదవడం అయ్యేదాకా పాత మెమరీని ఉంచే ఆర్‌సీయూ రక్షణో సరిపోతుంది.

తాళం లేకుండా చదివితే లెక్కలు పొంతన కుదరవంటారు కొందరు. నిజమే, మొత్తం ఒక క్షణానిది, వివరాలు మరో క్షణానివి కావచ్చు. డీబగ్ చేసేవాడికి అది పెద్ద నష్టం కాదు. అసలు భయం వేరే ఉంది: చదువుతుండగా ఆ వస్తువు మెమరీ విడుదలైపోతే లినక్స్ గుండెకాయ లాంటి కెర్నలే కూలుతుంది. అక్కడ రక్షణ తీసేయమని ఎవరూ అనరు.

నాకు ఆ రోజు కావలసింది ఒకే అంకె, జీపీయూ చివరగా ముగించిన పని నంబరు. ఇలాంటి నంబరు చిప్ తనంతట తానే మెమరీలో రాసిపెడుతుంది. కాసేపటికి మళ్లీ చూసి, పని మిగిలి ఉండగానే అదే నంబరు ఉంటే చిప్ ఆగిందేమోనని అనుమానించవచ్చు. చివరికి పవర్ బటన్ నొక్కి పట్టుకున్నాను. రీబూట్‌తో ఆ అంకె కూడా పోయింది.