అమ్మను ఎవరూ అడగలేదు

ఆస్తమా వైద్యంలో దేనికి ముందు ప్రాధాన్యం ఇవ్వాలో రోగులనే అడగాలని ఒక వ్యాసంలో చదివాను. ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. మాది ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, ఆసుపత్రిలో ఒడియా. ఊపిరి ఎంత బలంగా వదులుతున్నామో కొలిచే ఊదుడు పరీక్షలో అంకె ఎంతన్నది మా అమ్మకు పట్టదు; రాత్రి దగ్గు లేకుండా పడుకోవాలి, అంతే. అది ఏ డాక్టరూ అడగలేదు. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న భయంతో అమ్మ మాత్రలే ఇమ్మనేది. రిలీవర్, అంటే ఆయాసం వచ్చినప్పుడు పీల్చే సాల్బుటమాల్ లాంటి మందు, వెంటనే ఊపిరి ఆడిస్తుంది గానీ గాలి గొట్టాల్లో వాపు తగ్గించదు. అందుకే పెద్దలకు ఒక్క ఇలాంటి రిలీవర్‌తోనే సరిపెట్టొద్దని ఆస్తమాపై పనిచేసే అంతర్జాతీయ సంస్థ జినా మార్గదర్శకాలు 2019 నుంచి చెబుతున్నాయి. ఈ సంగతి అమ్మకు అర్థమయ్యే తెలుగులో చెప్పాకే కదా తన ఇష్టమేమిటో అడగాల్సింది! కొత్త మెషీన్ల కంటే ముందు, సరిహద్దు జిల్లాల ఆసుపత్రుల్లో తెలుగు వచ్చిన నర్సు ఒక్కరైనా ఉండాలి, ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం, అదే స్పేసర్, ఎలా వాడాలో చేసి చూపించాలి.