తిరిగిచ్చేయబోయే బండికి క్లచ్ ఎవరు వేయించాలి?

విజయవాడ, గుంటూరుల్లో లీజు కార్లు ఇప్పుడు బాగానే తిరుగుతున్నాయి. కొన్ని ఆఫీసు జీతంలోంచి కోసుకునేవి, కొన్ని నెలకింత అని సబ్‌స్క్రిప్షన్ కట్టేవి. తీసుకున్న కొత్తలో ఎవరికీ ఏ బాధా ఉండదు. గడువు ఇంకో ఐదారు నెలలు ఉందనగా క్లచ్ జారడం మొదలవుతుంది, లేదంటే సరిగ్గా మే నెలలో ఏసీ చేతులెత్తేస్తుంది. సర్వీస్ సెంటర్లో యాభై వేల ఎస్టిమేట్ చేతిలో పెడతారు. అప్పుడు కొందరు "నడపాలి కదా" అని కార్డు గీకేస్తారు. ఇంకొందరు "ఎలాగూ ఇచ్చేసేదే కదా" అని అలాగే ఈడుస్తారు. ఇద్దరికీ చేతిచమురు వదులుతుంది.

చేయించాలా వద్దా అన్నది తర్వాత. ముందు తేలాల్సింది ఈ ఖర్చు ఎవరిది అన్నది. దాన్ని సర్వీస్ అడ్వైజర్‌ని అడిగి లాభం లేదు, ఆయనకు బిల్లు ఎవరు కట్టినా ఒకటే. అగ్రిమెంట్ తీయండి. ముందు పేజీలు కాదు, వెనకాల అనెక్షర్ (చివర జతచేసిన షరతుల జాబితా) చదవండి. మెయింటెనెన్స్ కలిపిన లీజు అయితే ఏమేం కలిపారో అక్కడే ఉంటుంది. ఎన్ని కిలోమీటర్లకు టైర్లు మారుస్తారు, బ్యాటరీ ఉందా, క్లచ్, బ్రేక్ ప్యాడ్ల లాంటి అరిగే సామాను వాళ్లదా మీదా అన్నీ రాస్తారు. టైర్లు కలిపిన లీజుల్లో కూడా చాలామంది అడక్కుండానే గడువు దాటిస్తారు, మనం అడక్కపోతే వాళ్లు గుర్తుచేయరు. మెయింటెనెన్స్ మీదే అని ఉన్నా, తయారీ లోపం వల్ల చెడిపోతే సంగతి వేరు, అది వారంటీ లెక్క.

వారంటీలో ఒక చిక్కుంది. మన దగ్గర చాలా కార్ల కంపెనీల మామూలు వారంటీ మూడేళ్లు. లీజు నాలుగేళ్లకు తీసుకుంటే చివరి ఏడాదికి ఏ రక్షణా ఉండదు, పెద్ద రిపేర్లు వచ్చేదేమో అప్పుడే. ఎక్స్‌టెండెడ్ వారంటీని మామూలు వారంటీ ముగిసేలోపే తీసుకోవాలి, తర్వాత అడిగితే చాలా చోట్ల ఇవ్వరు. లీజు కంపెనీ ముందే తీసుకుని ఉండొచ్చు కూడా. ఛాసిస్ నంబరుతో ఆ బ్రాండు షోరూం ఎక్కడైనా అడిగితే రెండు నిమిషాల్లో చెప్తారు.

ఇక క్లచ్ దగ్గరకు వద్దాం, పెద్ద గొడవలన్నీ దీనిమీదే. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) పైకి లేచి స్పీడు మాత్రం పెరక్కపోతే జారుతోందని అర్థం. "హాఫ్ క్లచ్ వాడారు సార్ (పెడల్ సగం తొక్కి పెట్టి నడపడం), వారంటీ రాదు" అనేది సర్వీస్ సెంటర్లో తయారుగా ఉండే మాట. నిజమే కావచ్చు, బందర్ రోడ్డు ట్రాఫిక్‌లో నడిపిన బండికి ఆశ్చర్యం లేదు. కానీ గేర్‌బాక్స్ దించకుండా ఆ మాట ఎవరూ తేల్చి చెప్పలేరు. దించాక పాత క్లచ్ ప్లేటు చూపించమనండి, ఫోటోలు తీయండి. ఫేసింగ్ (ప్లేటు మీది రాపిడి పొర) అంతా సమానంగా అరిగి రివెట్లు పైకి కనిపిస్తుంటే మామూలు అరుగుదల. ప్రెషర్ ప్లేటు మీద నీలం మచ్చలుంటే వేడెక్కింది, అది నడపడంలో తేడా. ప్లేటు మీద నూనె జిడ్డు ఉంటే మాత్రం ఆగండి. ఇంజిన్ వెనక క్రాంక్ ఆయిల్ సీల్ గానీ, గేర్‌బాక్స్ సీల్ గానీ కారుతోంది, క్లచ్ పోవడానికి కారణం అదే కావచ్చు. ఆ సీలు వారంటీలో ఉంటే క్లచ్ డబ్బు కూడా గట్టిగా అడగాలి. అడిగినవాళ్లకే వస్తుంది. మీ ఖర్చుతోనే చేయించాల్సి వస్తే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ ఒకేసారి వేయించండి. గేర్‌బాక్స్ దించే కూలి ఎలాగూ ఒకటే. ఫ్లైవీల్ మీద పగుళ్లున్నాయేమో కూడా అప్పుడే చూడాలి.

ఏసీకి "గ్యాస్ కొట్టించి గడువు దాకా లాగేద్దాం" అనేది బెజవాడ సలహా. లీకు ఎక్కడో తెలియకుండా గ్యాస్ నింపితే వారాల్లో మళ్లీ పోతుంది. అంతకన్నా నష్టం ఏంటంటే, గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా పోతుంది. నూనె చాలని కంప్రెసర్ పట్టేస్తే లోహపు రజను పైపులన్నిటిలోకీ చేరుతుంది. అప్పుడు కండెన్సర్, డ్రయ్యర్ మార్చాలి, లైను ఫ్లష్ చేయాలి. ఆ బిల్లుకు "నిర్లక్ష్యం" అని పేరు పెట్టి మీ డిపాజిట్‌లోంచి తీసుకుంటారు. యూవీ డై (లీకైన చోట యూవీ లైటు కింద మెరిసే రంగు) వేయించి లీకు పట్టండి. హైవే మీద ఎగిరిన రాయి తగిలి కండెన్సర్ చిల్లుపడితే అది ఇన్సూరెన్స్ క్లెయిమ్, ఆ కోణం ఎవరూ చెప్పరు.

ఏ రిపేరైనా వరస ఇది. ఎస్టిమేట్‌లో పార్టు నంబర్లు, కూలి విడివిడిగా ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి పార్టుల మీద జీఎస్టీ 18 శాతమే, ఇంకా 28 వేసి ఉంటే దిద్దించండి. ఆ ఎస్టిమేట్ లీజు కంపెనీకి మెయిల్ చేసి అప్రూవల్ రాతపూర్వకంగా వచ్చాకే జాబ్ కార్డు మీద సంతకం పెట్టండి. ముందు చేయించి తర్వాత బిల్లు పంపితే "మా అనుమతి లేదు" అన్న ఒక్క లైనుతో తిప్పికొడతారు. ఫోన్లో "చేయించేయండి సార్" అన్నది లెక్కలోకి రాదు. అప్రూవల్ లేకుండా ఆటోనగర్ షెడ్లలో చేయించడం ఇంకా ప్రమాదం. అక్కడ మంచి పనివాళ్లు లేరని కాదు, లీజు కంపెనీ అడిగేది ఆథరైజ్డ్ సర్వీస్ బిల్లు.

ఆటోనగర్ ప్రస్తావన పెయింట్ దగ్గర కూడా వస్తుంది. బండి తిరిగి తీసుకునే ఇన్‌స్పెక్టర్ చేతిలో పెయింట్ మందం కొలిచే మీటరు ఉంటుంది. కంపెనీ పెయింట్ సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. సొట్ట మీద పుట్టీ పూసి రంగు కొట్టిన చోట అది కొన్ని వందలు దాటుతుంది. అక్కడ "యాక్సిడెంట్ రిపేర్" అని రాసుకుంటాడు. మీరు దాచిన సొట్ట కన్నా ఆ మాట ఖరీదు. రంగు పోని సొట్టలైతే పెయింట్ లేకుండా లోపలి నుంచి తీసేవాళ్లు ఉన్నారు, అది చేయించండి. గోరుకు తగలని సన్న గీతలకు పాలిష్ చాలు. అగ్రిమెంట్‌లో ఎంత పొడవు గీత వరకు మామూలు వాడకం కింద వదిలేస్తారో రాసి ఉంటే దానికి లోబడినవి ముట్టుకోకండి.

పెద్ద దెబ్బలకు ఇన్సూరెన్స్ వాడండి. పాలసీ లీజు కంపెనీ పేరు మీద ఉంటే ఎన్‌సీబీ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) కూడా వాళ్లదే, బండి ఇచ్చేశాక అది మీ వెంట రాదు. అయినా ఎన్‌సీబీ పోతుందని క్లెయిమ్ మానేసి చేతి డబ్బు పెట్టేవాళ్లని చూస్తే జాలేస్తుంది. అగ్రిమెంట్‌లో దానికి వసూలు ఏమైనా ఉందా అన్నది ఒక్కటే చూసుకోండి. 1500 సీసీ లోపు బండికి తప్పనిసరి కోత (మీరే కట్టుకోవాల్సిన వాటా) క్లెయిమ్‌కు వెయ్యి, ఆ పైన రెండు వేలు. జీరో డెప్ (పార్టుల తరుగు కోయని అదనపు కవర్) లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు సామానులో సగం మీరే భరించాలి, అంటే బంపర్‌లో సగం.

టైర్లకు చట్టప్రకారం 1.6 మిల్లీమీటర్ల లోతు కావాలి. టైరు గాడుల లోపల ఉబ్బుగా కనిపించే గుర్తుతో పైభాగం సమానమైతే అయిపోయినట్టే. కొన్ని లీజులు ఇంకా ఎక్కువ అడుగుతాయి. ఒక యాక్సిల్‌కి రెండూ ఒకే బ్రాండు వేయించండి, అంతకుమించి అవసరం లేదు.

పెద్ద రిపేరు మీ నెత్తినే పడితే ఇంకో లెక్క వేయండి. ఉదాహరణకు బైఅవుట్ ధర (గడువు చివర ఆ బండిని మీరే కొనుక్కునే ధర) 3,80,000, అదే మోడల్ బయట మార్కెట్లో 4,60,000 పలుకుతోంది, రిపేరు 50,000. కొనుక్కుని చేయించినా 30,000 మిగులుతుంది. అదే రిపేరు చేయించి బండి తిరిగిచ్చేస్తే ఆ యాభై వేలు వాళ్లకు దానం. కానీ ధరలో జీఎస్టీ ఉందో లేదో అడగండి, ట్రాన్స్‌ఫర్ ఖర్చు కలపండి. ఆర్సీ వాళ్ల పేరు మీదుంటే పేరు మార్పిడికి ఫారం 29, 30. ఆర్సీ మీ పేరు మీదే ఉండి దానిమీద లీజు ఎండార్స్‌మెంట్ (లీజు ఉందన్న నమోదు) ఉంటే అది తీయించడానికి ఫారం 35. నంబరు తెలంగాణదో కర్ణాటకదో అయితే ఫారం 28 ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం), ఆంధ్రాలో లైఫ్ ట్యాక్స్ కూడా. ఈ ట్యాక్స్ మర్చిపోయి వేసిన లెక్కలే ఎక్కువ తప్పుతాయి.

అప్పగించే రోజు పగటి వెలుగులో, బండి కడిగించి ఇవ్వండి. ఓడోమీటర్ కనిపించేలా చుట్టూ వీడియో తీయండి. ఖాళీ ఇన్‌స్పెక్షన్ షీటు మీద సంతకం పెట్టకండి, ప్రతి లోపం పక్కన రేటు రాయించండి. రెండో తాళం, సర్వీస్ రికార్డులు ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. డిపాజిట్ కోత అన్యాయమనిపిస్తే ముందు మెయిల్, తర్వాత 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. విజయవాడలోనూ గుంటూరులోనూ ఉంది, మీరు చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ఆఫీసు ద్వారా తీసుకున్న లీజైతే ఒప్పందం కంపెనీల మధ్య, కాబట్టి హెచ్‌ఆర్‌ని కదపాలి.

ఫాస్టాగ్ మీ ఖాతాకు లింకై ఉంటే అదే రోజు క్లోజ్ చేయించండి. లేకపోతే ఆ బండి ఎవరో కొనుక్కుని కాజా టోల్ దాటిన ప్రతిసారీ మెసేజ్ మీ ఫోనుకే వస్తుంది.