తలకొక కార్డు

తిరుపతి, బైరాగిపట్టెడ. రాత్రి తొమ్మిది దాటింది. తెల్లారితే రేణిగుంటలో హైదరాబాద్ విమానం ఎక్కాలి. మునిరత్నం ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. రాజమ్మ ఆయన భార్య. నాలుగేళ్ల మనవడు మంచం మీద నిద్రపోతున్నాడు. బీరువాలో ఉండాల్సిన బట్టలన్నీ నేల మీద ఉన్నాయి.

రాజమ్మ: ఆ మడత విప్పొద్దయ్యా! నీ ఆధార్ కార్డు నా పెళ్లిచీరలో ఎందుకుంటుంది?

మునిరత్నం: నువ్వు దాచే చోట్లు నాకు తెలీవా? మొన్న కరెంటు బిల్లు చింతపండు జాడీ వెనక దొరికింది.

రాజమ్మ: బిల్లు దాచింది నేను. కార్డు దాచుకుంది నువ్వు. అన్నీ ఒకచోట ఉంటేనే భద్రమని ఆధార్, పాన్, ఓటరు కార్డు మూడూ నల్ల పర్సులో పెట్టుకున్నావు. ఆ పర్సు యాడ?

మునిరత్నం: (గొంతు తగ్గించి) సంక్రాంతికి పోయినప్పుడు... హైదరాబాద్‌లో... బిడ్డ ఇంట్లో.

రాజమ్మ: బాగుంది. కార్డు తెచ్చుకోవాలంటే హైదరాబాద్ పోవాల. హైదరాబాద్ పోవాలంటే కార్డు కావాల.

మునిరత్నం: కంగారు పడొద్దే. జిరాక్స్ ఉంది.

రాజమ్మ: విమానానికి జిరాక్స్ చెల్లదు, ఒరిజినలే కావాల. ఎదురింటి అమ్మాయి చదివి చెప్పింది. అయినా నీకు ఒకరు చెప్పాలా? చంద్రగిరిలో ఒక కాలేజీ పిల్లోడు పాసు జిరాక్స్ చూపిస్తే ఏమన్నావు?

మునిరత్నం: అది డ్యూటీ.

రాజమ్మ: ఏమన్నావు?

మునిరత్నం: ...జిరాక్స్ పాసుకు జిరాక్స్ బస్సు వస్తుంది, అది ఎక్కమన్నాను.

రాజమ్మ: రేపు గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు నీకు జిరాక్స్ విమానం చూపిస్తారులే.

మునిరత్నం: అయితే బిడ్డను కార్డు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమందాం.

రాజమ్మ: ఫోన్లో ఫోటో కూడా జిరాక్స్ లాంటిదే.

(ఇక్కడ మునిరత్నం ట్రంకు పెట్టె తెరిచాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో మనిషి పారేయని కాగితమంటూ లేదు. ఆ పెట్టెలో వేలిముద్ర తప్ప అన్ని రకాల సాక్ష్యాలూ ఉన్నాయి.)

మునిరత్నం: ఇదిగో లైసెన్సు! ఫోటో ఉంది, సీలుంది.

రాజమ్మ: వాళ్లడిగేది డ్రైవింగ్ లైసెన్సు. ఇది కండక్టర్ లైసెన్సు. పైగా గడువు దాటిపోయింది. విమానంలో నువ్వేమన్నా రైట్ రైట్ చెప్పాలా?

మునిరత్నం: మా రిటైర్డ్ బస్ పాసు?

రాజమ్మ: అది బస్సు ఎక్కడానికి.

మునిరత్నం: బ్యాంకు పాసుబుక్కు చెల్లుతుందని నువ్వే అన్నావు కదా!

రాజమ్మ: జాతీయ బ్యాంకుది, అటెస్ట్ చేసిన ఫోటో ఉన్నది చెల్లుతుంది. తెరువు, చూద్దాం. ఫోటో యాడుంది? ఊడిపోయి గమ్ మరక మిగిలింది. ఆ మరకకు నీ పోలికలు ఉన్నాయంటే వాళ్లు ఒప్పుకోవాల కదా.

మునిరత్నం: ఎవుడు పెట్టాడే ఈ రూలు?

రాజమ్మ: విమానాశ్రయాల భద్రత చూసే కేంద్ర బ్యూరో. ఏయే కార్డులు చెల్లుతాయో 2017లోనే జాబితా ఇచ్చారంట. పాస్‌పోర్టు, ఓటరు కార్డు, ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, ఉద్యోగం కార్డు, స్టూడెంట్ కార్డు, ఫోటో ఉన్న పెన్షన్ కార్డు... అందులో ఒక్కటి చాలు. నీ దగ్గర ఆ ఒక్కటే లేదు.

మునిరత్నం: రైలే నయం. పోయినసారి నా కార్డు అడగనేలేదు.

రాజమ్మ: అప్పుడు ఇద్దరికీ కలిపి ఒకే టికెట్. రైల్లో ఒకే టికెట్ మీద ఎంతమంది ఉన్నా ఒకరి కార్డు చూపిస్తే చాలు. నాది చూపించాను. విమానంలో అట్లా కాదు, తలకొక కార్డు.

మునిరత్నం: మరి చిన్నోడికి? వాడికి ఏ కార్డు ఉంది?

రాజమ్మ: వాడికి అక్కర్లేదు. కార్డున్న పెద్దవాళ్లు పక్కనుంటే పిల్లలను అడగరు. నా కార్డు మీద వాడు వస్తాడు.

మునిరత్నం: నేను కూడా నీ పక్కనే ఉంటా కదా!

రాజమ్మ: నీ బుద్ధిని చూస్తే అడగరు. నీ జుట్టును చూసి అడుగుతారు.

మునిరత్నం: ఏదో ఒక దారి ఉండే ఉంటుందే. కార్డులు పోగొట్టుకున్నవాడు మనిషి కాకుండా పోతాడా?

రాజమ్మ: ఉంది. గ్రూప్ ఏ గెజిటెడ్ ఆఫీసర్ తన లెటర్‌హెడ్ మీద, నీ ఫోటో అటెస్ట్ చేసి, ఈయన ఫలానా అని రాసివ్వాల. పో, ఈ రాత్రప్పుడు తలుపు కొట్టు. నువ్వు ఫలానా అని ముందు ఆయనకు ఎట్ల రుజువు చేస్తావో కూడా ఆలోచించుకో.

మునిరత్నం: ఆగాగు! ఇప్పుడు మొహం చూపిస్తే గేటు తెరుచుకుంటుందంట కదా. డిజియాత్ర.

రాజమ్మ: హైదరాబాద్, విజయవాడలో ఉందంట. దానికీ ముందు ఆధార్‌తో రిజిస్టర్ చేసుకోవాల. మొహం ఒక్కటే చాలదు... (ఆగి) అయ్యో, ఉండు. ఫోన్లో ఎమ్‌ఆధార్ యాప్ ఉంటే చెల్లుతుంది! ఆ జాబితాలోనే ఉంది. ఫోనివ్వు. నీ జిరాక్స్ చూసి నంబరు చెప్పు. (కాసేపు నొక్కి) అదిగో, ఓటీపీ పంపించామంటోంది.

మునిరత్నం: రాలేదే.

రాజమ్మ: ఆధార్‌కు ఏ ఫోన్ నంబరు ఇచ్చావు?

మునిరత్నం: పాత నంబరు.

రాజమ్మ: ఆ సిమ్ యాడుంది?

మునిరత్నం: పాత బటన్ల ఫోన్లో. ఆ ఫోన్... పీలేరులో మీ తమ్ముడికి ఇచ్చేశా కదా.

రాజమ్మ: సిమ్‌తో సహా దానం చేసిన కర్ణుడివి నువ్వే. చెయ్యి ఫోన్, స్పీకర్ వద్దు, చిన్నోడు లేస్తాడు.

మునిరత్నం: (ఫోన్‌లో) ఒరే, నేనురా, బావను. నీకిప్పుడు ఒక మెసేజ్ వచ్చుంటుంది, ఆరంకెలు... ఆ అదే. చదువు... ఎందుకేందిరా, నాకు కావాల!... నేనేరా!... ఎప్పుడు చెప్పాను?... చెప్పుంటాలే, అది దొంగలకు చెప్పొద్దని! (ఫోన్ చేతిలో పట్టుకుని) పెట్టేశాడే.

రాజమ్మ: ఓటీపీ కన్నతండ్రి అడిగినా చెప్పొద్దని ఉగాదికి వాడిని కూర్చోబెట్టి గంటసేపు పాఠం చెప్పింది ఎవరు?

మునిరత్నం: నువ్వు చెయ్యి. అక్క మాట వింటాడు.

(ఆమె ఫోన్ మోగింది. వాడే చేశాడు.)

రాజమ్మ: చెప్పరా... ఆ... ఆ... అవునా? సరే. (ఫోన్ చేత్తో మూసి) ఎవడో అచ్చం బావ మాదిరే మాట్లాడి ఓటీపీ అడిగాడంట. నీకు కూడా చేస్తాడు, జాగ్రత్త అక్కా అంటున్నాడు.

మునిరత్నం: నేనేనని చెప్పవే!

రాజమ్మ: (ఫోన్‌లో) ఒరే, అది నిజంగా బావేరా... (విని) గొంతులు కూడా కంప్యూటర్లు తయారు చేస్తాయని నువ్వే చెప్పావంట. ఇప్పుడు నన్ను కూడా అనుమానిస్తున్నాడు.

మునిరత్నం: ఎంత శ్రద్ధగా విన్నాడే నా మాట! మరి ఏం చేస్తే నమ్ముతాడంట?

రాజమ్మ: మనిషిని కళ్లారా చూస్తే గానీ చెప్పడంట. పీలేరుకు ఆఖరి బస్సు ఎన్నింటికో నీకే తెలియాల. దానికైతే నీ పాసు చాలు, లే.